మామగారి గొంతు

పాత వస్తువును పారెయ్యమని చెప్పేవాళ్ళకు లోకంలో కరువులేదు. 2014లో కొన్న మా లాప్‌టాప్ ఒకనాడు నీలిరంగు తెర చూపించి, తనంతట తాను ఆగుతూ మళ్ళీ మొదలవుతూ, యెంతకీ లోపలికి రానివ్వనని భీష్మించుకుంది. రిపేరు షాపతను దాన్ని పూర్తిగా తెరవకుండానే, "దీనికి విండోస్ 11 ఎక్కదండీ. 10కేమో 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. కొత్తది కొనుక్కోండి" అన్నాడు.

కొనవచ్చు. కాని అందులో మా మామగారి గొంతు వుంది. 2017లో పోయే ముందు ఆయన మనవలను చుట్టూ కూర్చోబెట్టుకుని తమ చిన్నతనపు కబుర్లు గంటన్నరసేపు చెప్పారు. అది మరెక్కడా లేదు. తిరిగి వస్తూంటే మా ఆవిడ ఆ సంచీని రిక్షాలో బిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది.

ఎదురింటి ఇంజనీరింగు కుర్రాడు, "లినక్స్ పెట్టి చూద్దాం, బాబాయిగారూ" అన్నాడు. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టగా, ఆ తరువాత వేలమంది చెయ్యివేసి పెంచిన పని అది. అందులో రకాలనేకం. మేము మింట్ తీసుకున్నాం. ఖరీదు లేదు. దాదాపు 3 జీబీ ఫైలు. దాన్ని వూరికే కాపీ చేస్తే చాలదట, ఎచర్ అనే సాధనంతో పెన్ డ్రైవుమీదికి ఎక్కించాలి. లాప్‌టాప్ వెలిగించగానే ఎఫ్ 12 నొక్కి (కొన్నిటికి వేరే మీట వుంటుంది) పెన్ డ్రైవును చూపించాం.

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగింది. పాత డిస్కు జోలికి పోకుండా, ఆ పెన్ డ్రైవుమీదనే కంప్యూటరంతా నడిచింది! డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి వుంటే దాని సంఖ్య కావలసివచ్చేది. మాదానికి లేదు. ఫోల్డరు తెరిచి నొక్కేసరికి ముందొక దగ్గు, ఆ వెనుక "వింటున్నార్రా?" అని మామగారు. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

డిస్కు తుడిచి లినక్స్ స్థాపించమంటారా అని తెర అడుగుతూంటే, ఆవిడ వొప్పుకోలేదు. రెండు చోట్ల కాపీలు తీయించి, రెండూ మొదటినుంచి చివరిదాకా విన్నది. అంత గట్టి ఆడిటు నా సర్వీసులో చూడలేదు.

స్థాపన తేలికే. వైఫై మాత్రం కనపడలేదు. ఆ చిప్పుకు వేరే డ్రైవరు కావాలి; డ్రైవరు దిగాలంటే ఇంటర్నెట్టు కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు! కుర్రాడు ఫోనును తీగతో తగిలించి, ఫోను ఇంటర్నెట్టునే లాప్‌టాప్‌కు అరువిచ్చాడు. డ్రైవర్ మేనేజరు తనకు కావలసినది తానే వెతుక్కుంది. ఒకసారి ఆపి వెలిగించాక వైఫై వచ్చింది.

ఇప్పుడు సెట్టింగుల్లో తెలుగు కీబోర్డు చేర్చుకుని, మా ఆవిడ వాళ్ళ నాన్నగారి మాటలు విని టైపు చేస్తోంది. క, పొల్లు, ష వరసగా కొడితే క్ష అవుతుందని నాకు తనే నేర్పింది. ఇరవై నిమిషాల కబుర్లు కాగితంమీదికి వచ్చాయి. బ్యాటరీ నలభై నిమిషాలకంటె నిలవదు గనుక, ప్లగ్గు పక్కన కుర్చీ ఆవిడదే.