గెడ్డకు ఆవలి తల్లి

పాడేరు మన్యములో నేను వైద్యము చేయుచున్న దినములలో, శ్రావణమాసపు ముసురులో ఒకనాటి మునిమాపువేళ, నలుగురు మనుష్యులు ఒక డోలీని మోసికొనివచ్చి మా ఆసుపత్రి వాకిట దించిరి. వెదురుబొంగునకు కట్టిన దుప్పటిలో ముడుచుకొని పండుకొనియున్న ఇరువదియేండ్ల బాలెంత కనురెప్పను క్రిందికి లాగి చూడగా, లోపలి పొర సున్నము పూసినట్లు తెల్లగా నుండెను. ప్రొద్దుట ఇంటియొద్దనే బిడ్డ పుట్టెను గాని మాయ పడలేదు, నెత్తురు కట్టలేదు.

"గెడ్డ పొంగిపోనాది బాబూ, తగ్గేదాకా అవతలే ఉండిపోనాం" అని పెనిమిటి చెప్పెను. బొంగు ఒరసి అతని కుడిభుజముమీద చర్మము లేచిపోయి, చొక్కా పుండునకు అంటుకొని యుండెను. ఆ సంగతి అతనికి తెలిసినట్లే లేదు.

మాయ తీసితిమి, గర్భాశయము ముడుచుకొనుటకు సూదిమందు ఇచ్చితిమి. కాని ఎక్కించుటకు రక్తము కావలెనన్న ఘాటురోడ్డు దిగి పోవలసినదే. తెల్లవారకముందే ఆమె కన్నుమూసెను.

అంతకు రెండేండ్ల పూర్వము, సముద్రతీరమందలి యొక పట్టణములో ఇంచుమించు ఇదే వయస్సుగల మరియొక బాలెంతకు ఇదే విపత్తు కలుగగా, అరగంటలో రక్తము తెప్పించి ఎక్కించితిమి. నాలుగవనాడు ఆమె బిడ్డ నెత్తుకొని నడచి ఇంటికి పోయెను. వ్యాధి యొక్కటే, ఔషధ మొక్కటే.

2001-03 నాటికి మన దేశమున లక్ష సజీవజననములకు 301 మంది తల్లులు మరణించుచుండగా, 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు దిగినది. ఇది సామాన్యమైన విజయము కాదు. 2005లో ఆరంభమైన జననీ సురక్షా యోజనకును, ఇల్లిల్లు తిరిగిన ఆశా కార్యకర్తలకును, 108 బండ్లకును ఇందులో గొప్ప భాగమున్నది. అయినను అదే లెక్కలో కేరళకు 19, అస్సామునకు 195. 2030 నాటికి ప్రపంచమంతట 70 కంటె తగ్గవలెనని ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన గమ్యమును 45తో ఆంధ్రప్రదేశ్ ముందే దాటినది. కాని సగటు అనునది మైదానపు క్షేమముతో కొండమీది మరణమును కప్పివేయును. రాష్ట్రమునకు ఒక్క అంకె చాలదు, మండలమండలమునకు లెక్క తీయవలెనని నా దృఢాభిప్రాయము.

బండి పోజాలని గ్రామముల గర్భిణులను ప్రసవమునకు ముందే దింపి ఉంచుటకు సాలూరులో వసతిగృహము నెలకొల్పిరి. అది నాకు మిక్కిలి సరియైన మార్గముగా తోచినది. అయితే అట్లే ముందుగా దిగి రమ్మని నేనొక నిండుచూలాలిని బతిమాలినప్పుడు ఆమె, "పెద్దదాన్ని ఎవరికి ఒప్పజెప్పీది బాబూ, మేకల్ని ఎవులు తోలతారు?" అని అడిగెను. అధికారులారా, ఇటువంటి గృహములు కట్టునప్పుడు తల్లి మంచము ప్రక్కన పెద్దబిడ్డకు చాపయు, రెండుపూటల అన్నమును, ఇంటిలో మేకలు కాచు మనిషికి కూలియు లెక్కలో వేయుడు.