పడవల కోసం గీసిన సరిహద్దు

బైకు మీద విదేశం పోవాలనుకునేవాళ్లకు అసలు అడ్డంకి నీళ్ల దగ్గరే వస్తుంది. మనకు దగ్గరి శ్రీలంకనే తీసుకోండి. నాగపట్నం నుంచి కాంకేసన్‌తురైకి 2023 అక్టోబరులో ఓడ మొదలైంది. కొద్దిరోజులకే ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ నడిచింది. దాదాపు 110 కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం. కానీ అది మనుషుల కోసం నడిచే ఓడ. బండి పోవాలంటే సరుకు ఓడ, కస్టమ్స్, బండిని తిరిగి తెస్తామని పూచీ ఇచ్చే కార్నెట్ పత్రం, దానికో బ్యాంకు గ్యారంటీ. చివరికి మనిషి కంటే బండికే ఎక్కువ ఖర్చు తేలుతుంది.

కరీంనగర్‌లో కూర్చుని ఈ లెక్కలు వేసుకుంటుంటే, మన దగ్గరి పాత సరిహద్దు ఒకటి గుర్తొచ్చింది. మా తాతల కాలంలో ఇక్కడివాళ్లకు పడవ దిగితే పరాయి ఏలుబడే. ప్రాణహితకు ఇవతల నిజాం రాజ్యం, ఆదిలాబాద్ జిల్లా. అవతల సిరొంచ, ఇంగ్లీషువాళ్లది. ఇటు హాలీ సిక్కా, అటు కల్దార్ రూపాయి.

ఆ గీత వెనుక కథ ఇంకా విచిత్రం. గోదావరి మీద సరుకు పడవలు నడిపి, లోపలి పత్తిని సముద్రానికి చేర్చాలని ఇంగ్లీషువాళ్ల పథకం. అందుకే 1860 ఒప్పందంలో గోదావరి, ప్రాణహితల ఎడమ ఒడ్డు తాలూకాలను నిజాం దగ్గర తీసుకున్నారు. బండరాళ్లు పడవలకు అడ్డొచ్చే దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర పనులు మొదలుపెట్టారు. ఖర్చు పెరిగింది, రాబడి కనపడలేదు. 1871లో చేతులెత్తేశారు. పడవలు రాలేదు కానీ వాటి కోసం గీసిన గీత మాత్రం మిగిలిపోయింది. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడినా, తెలుగు మాట్లాడే సిరొంచ ఇటు రాలేదు. ఇప్పుడు అది మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లాలో ఉంది.

ఆ గీతను బండితో సహా పడవ మీద దాటాలనిపించింది. రాజీవ్ రహదారి మీదుగా గోదావరిఖని, మంచిర్యాల, అక్కడి నుంచి చెన్నూరు మీదుగా వేమనపల్లి. తెల్లవారకముందే బయల్దేరితే ఎండెక్కేసరికి రేవు చేరొచ్చు.

రేవులో రెండు నాటు పడవలను జతకట్టి, పైన చెక్కలు పరిచారు. బ్యాగులు విప్పి, బండిని గేర్‌లో పెట్టి, పెట్రోలు ట్యాప్ కట్టేసి, ముందు బ్రేకు పట్టుకుని పక్కనే నిలబడాలి. నాకూ బండికీ కలిపి ఒక ప్లేటు బిర్యానీ ధర కూడా కాలేదు.

"అటు వంతెన ఉండంగ ఇటెందుకొచ్చినవ్ తమ్మీ?" అన్నాడు పడవాయన.

"పడవెక్కుదామనే వచ్చిన కాకా."

ఆయన నవ్విండు. "మాకైతే పడవ సరదా కాదు."

నిజమే. పైన గూడెం దగ్గరో వంతెన, కింద అర్జునగుట్ట దగ్గరో వంతెన ఉన్నాయి. రెంటి మధ్య ఊళ్లవాళ్లకు ఎదురుగా కనపడే ఒడ్డుకు పోవాలంటే చుట్టు తిరగాలి. పడవలో మిర్చి సంచితో ఒకామె కూర్చుంది. పుట్టిల్లు ఇటు, అత్తగారిల్లు అటు. "బండి ఉన్నోళ్లకు వంతెన, లేనోళ్లకు పడవ" అంది. ఆటో కిరాయి, పోయిన కూలి కలుపుకుంటే ఆమెకు పడవే చవక. వానాకాలంలో వరదొస్తే అదీ ఉండదు. అప్పుడు అమ్మను చూడ్డానికైనా, కాన్పుకైనా నది తగ్గేదాకా ఆగాలి, లేదా చుట్టు తిరిగే కిరాయి ఎక్కడో సర్దుకోవాలి.

అవతల బోర్డులు మరాఠీలో, మాటలు మన తెలుగులో. సిరొంచలో చాయ్ తాగి, గోదావరి వంతెన మీదుగా కాళేశ్వరం వచ్చేశాను. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి చూసి, మంథని మీదుగా కరీంనగర్ చేరితే ఒక్కరోజు ప్రయాణం. కాళేశ్వరం నుంచి కరీంనగర్‌కు దాదాపు 130 కిలోమీటర్లు.

మీరూ పోవాలనుకుంటే శీతాకాలం మంచిది. నది నిండుగా ఉంటే పడవెక్కొద్దు. లైఫ్ జాకెట్ వెంట తీసుకెళ్లండి. గాలి, నీటి జోరు చూసి పడవాయన వద్దంటే బేరమాడకుండా వెనక్కి రండి. రేవులో ఊరివాళ్లు ఎదురుచూస్తుంటే మీ బండిని తర్వాతి ట్రిప్పుకు ఆపుకోండి. మనం ఆ నదిని ఒక్కసారి దాటుతాం. వాళ్లకు దాంతో రోజూ పనే.