చాతంలో ముక్కుపుడక పెట్టుకున్న మాంగా బొమ్మ

చాతం ఒక ద్వీపమంటే మొదట నమ్మబుద్ధి కాదు. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయ పురం) ఒడ్డు నుంచి చిన్న వంతెన దాటితే చాలు, వచ్చేస్తుంది. వంతెన దిగగానే కోసిన చెక్క వాసన. ద్వీపంలో చాలా భాగం 1883లో మొదలైన ప్రభుత్వ సామిల్లుదే. పర్యాటకులు గుట్టలు పోసిన దుంగలు, ఎర్రటి పడౌక్ కలప, చెక్క బొమ్మల మ్యూజియం చూసి గంటలో వెళ్లిపోతారు. మేం మాత్రం పూటంతా ఉండిపోయాం. దానికి కారణం మా అమ్మాయి స్కెచ్ బుక్.

దానికి పదిహేనేళ్లు. రెండేళ్లుగా మాంగా పిచ్చి. ఈ ప్రయాణంలో దాని పథకం ఒకటే: అండమాన్‌లో ఉన్న రకరకాల జాతుల ఆడపిల్లల్ని, వాళ్ల సంప్రదాయ దుస్తుల్లో, మాంగా పద్ధతిలో గీయడం. ఆ పనికి చాతం సరైన చోటే. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి స్థావరం వేసింది ఇక్కడే. తర్వాత ఖైదీలు వచ్చారు. అడవి నరికే పనికి 1918 నుంచి ఛోటా నాగపూర్ గిరిజనులు వచ్చారు, వాళ్లను ఇక్కడ రాంచీలంటారు. 1925లో బర్మా నుంచి కరెన్లు వచ్చారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థులు, తమిళులు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఇంతమందిని కలిపిన అడవి పని ఇప్పుడు తగ్గింది. 2002లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతకు కళ్లెం వేశాక మిల్లుకు వచ్చే దుంగలూ తగ్గాయి.

మాంగాలో ఒక తిరకాసు ఉంది. పెద్ద కళ్లు, చుక్కంత ముక్కు, గీతంత నోరు... ముఖం అందరికీ ఒకటే. ఒసాము తెజుకా 1953లో మొదలుపెట్టిన 'రిబ్బన్ నో కిషి' అమ్మాయిల మాంగాకు దారి వేసినప్పటి నుంచీ ఆ కళ్లు అలాగే మెరుస్తున్నాయి. ముఖం చెప్పనిది బట్ట చెప్పాలి. ఎవరీ పిల్ల, ఏ ఊరు, పెళ్లయిందా లేదా అన్నీ బట్టే చెప్పాలి. కవోరు మోరి 2008 నుంచి గీస్తున్న 'ఒతోయోమెగతారి'లో మధ్య ఆసియా పెళ్లికూతుళ్ల కుట్టుపని పోగు పోగునా కనిపించేది అందుకే. మనకూ ఇది కొత్త కాదు. బాపు బొమ్మకూ ఒక అచ్చు ఉంది. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గీసిన అమ్మాయినీ దూరం నుంచే పోల్చుకుంటాం. అయినా ఆ చీర కట్టును బట్టి, నగలను బట్టి మనిషి తెలుస్తుంది.

మిల్లు ఆవరణలో జపాన్ బాంబు పడిన గుంట ఉంది. బోర్డు చదివి అమ్మాయి మౌనంగా నిలబడింది. జపాన్ సైన్యం 1942 మార్చి 23న ఇక్కడ దిగి, 1945 అక్టోబరు దాకా ఉంది. 1944 జనవరిలో హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని కాల్చి చంపింది. "అయితే నేను కిమోనో పిల్లను గీయకూడదా నాన్నా?" అని అడిగింది. ఆ యుద్ధం చివర్లో ఒసాకా మీద అమెరికా బాంబులు కురిసినప్పుడు తెజుకా కూడా టీనేజీ కుర్రాడే, చావు తప్పించుకున్నాడు. ఆ బూడిదలోంచే ఆయన బొమ్మలు లేచాయి. గీయొచ్చు, కానీ సరిగ్గా గీయమన్నాను.

ఆ 'సరిగ్గా' ఎందుకో దానికి తెలుసు. కిమోనోలో తొడుక్కున్నవాళ్ల ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వస్తే అది శవానికి కట్టే కట్టు. ఒకప్పటి ఇంగ్లీషు అనువాదాల్లో ఎడమ నుంచి కుడికి చదివేందుకు వీలుగా మాంగా పేజీలను అద్దంలోలా తిప్పి అచ్చు వేసేవారు. దాంతో బతికున్న పిల్లలంతా శవాల్లా తయారయ్యేవారు. అలాంటి పుస్తకం చూసి మావాడు గీసిన మొదటి కిమోనో బొమ్మ కూడా చచ్చిపోయిందే! అప్పుడు నవ్వుకున్నాం.

చాతం జెట్టీ దగ్గర మాత్రం నవ్వు రాలేదు. బాంబూ ఫ్లాట్ వెళ్లే ఫెర్రీ కోసం లారీలు, స్కూటర్లు బారులు తీరాయి. టీ కొట్టు పక్కన చేపల తట్ట దించుకుని ఓ ముసలావిడ కూర్చుంది. తెలుగు విని పలకరించింది. సోంపేట దగ్గర పల్లె, పెళ్లయి ఓడెక్కి వచ్చిందట. బొమ్మ గీస్తానంటే మొహమాటపడుతూనే ఒప్పుకుంది. ముందు సరదాగా సెల్ఫీ దిగారు. ఆ ఫొటో చూసే అమ్మాయి బొమ్మ గీసింది. ఫోను ముందు కెమెరా అద్దంలా తిప్పి చూపిస్తుందన్న సంగతి మరిచిపోయింది.

"ఏటమ్మా, నా పైట అటేపు ఏసేసినావేటి?" అందావిడ. కుడి భుజం మీద పైట! ఇంకొంచెం పరీక్షగా చూసి, "ముక్కే నేదు, పుడకలెక్కడెడతావే?" అంది. ఆవిడకు రెండు వైపులా పుడకలున్నాయి.

అమ్మాయి ముఖం ఎర్రబడింది. రబ్బరు తీసింది. ఈసారి ఫొటో చూడలేదు, ఆవిడనే చూసింది. పైట ఎడమ భుజం మీదకు వచ్చింది, కొంగు బొడ్లోకి దూరింది, నీళ్లలో తడవకుండా కుచ్చిళ్లు పైకి లేచాయి. మాంగా నియమాన్ని పక్కనపెట్టి పుడకలు నిలిచేంత ముక్కు పెట్టింది. కళ్లు మాత్రం పెద్దవే. "కళ్లు బాగున్నాయి" అని ఆవిడ తీర్పు చెప్పింది.

ఆ తర్వాత అమ్మాయి పాత పేజీలు తిరగేసింది. కరెన్ పిల్లకు రంగుల రవిక, లుంగీ వేసింది. కరెన్లలో పెళ్లికాని పిల్ల తొడిగేది పాదాల దాకా తెల్లటి పొడుగు అంగీ. రవిక, లుంగీ పెళ్లయిన స్త్రీవి. అంటే పదేళ్ల పిల్లకు పెళ్లి చేసేసిందన్నమాట. దాని పక్కన 'మాయాబందర్‌లో అడగాలి' అని రాసుకుంది.

చివరి పేజీలో ఆకులు చుట్టుకున్న జరావా పిల్ల ఉంది. బజారులో చూసిన బొమ్మకు నకలు. జరావాలను ఫొటో తీయడం నేరం. 1956 నాటి రక్షణ నిబంధనలను 2012లో మరింత కఠినం చేశారు. బొమ్మ గీస్తే ఎవరూ పట్టుకోరు కదా అని అది వాదించొచ్చు. వాదించలేదు.

"తప్పు గీస్తే చెప్పడానికి వాళ్లు ఇక్కడికి రారు కదా" అని మాత్రం అంది. ఆ పేజీ మొత్తం చెరిపేసింది.

ఫెర్రీ హారన్ మోగింది. ముసలావిడ తట్ట ఎత్తుకుని లేచింది. బొమ్మ చింపి ఇవ్వబోతే వద్దంది. "నీకాడే ఉంచు. మళ్లీ గీసినప్పుడు సూసుకుంటావు" అంటూ వెళ్లి లారీల మధ్య కలిసిపోయింది.