మడ అడవిలో ఒక రాత్రి

సినిమాలో అడవంటే జలపాతం, పూలు, డ్యూయెట్టు! కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట ఉన్న మడ అడవిలో అవేం ఉండవండోయ్.

బెజవాడ నుంచి అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరి, పర్మిషన్ తీసుకుని పడవెక్కాం. దిగితే మోకాటిలోతు బురద! గాలి పీల్చుకోడానికి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చిన మడవేళ్ల మధ్య అర కిలోమీటరు నడకకే గంట పట్టింది.

"తిల్లకొమ్మ విరవమాకండి బాబూ, పాలు పడితే కళ్లు మండిపోతాయ్" అన్నాడు పడవ తాత.

రాత్రి పడవలోనే పడక. పోటొచ్చి, మేం నడిచిన చోటంతా మునిగింది. తాతకి 1977 నవంబరు 19 గుర్తొచ్చింది. ఆనాటి దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టింది ఆ బాధితుల కోసమే.

"అలజోరు ముందు ఈ చెట్ల మీదే పడుద్ది బాబూ. మడ కొట్టామా, ఊరికి గోడ పోయినట్టే!"

హీరోయిన్ లేదు గానీ, ఈ బురదలో హీరో మాత్రం నిలబడే ఉన్నాడు!