నాలుగు గంటల దూరం

"అయ్యగారూ, దుబాయి ఎంత దూరముంటది?"

బోధను దగ్గరి ఒక చెరకు పల్లెలో మా సంఘపు తల్లి ఒకామె మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. మరునాడే ఆమె కుమారుని ప్రయాణం. శంషాబాదు నుండి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లనీ, విమానం నాలుగు గంటలలోపే చేరుతుందనీ చెప్పాము. ఆమె ముఖం తేటపడింది. "గంతేనా? పట్నం పోయినంత సేపే!" అన్నది.

ఆ మాట నిజమే. బోధను నుండి నిజామాబాదు మీదుగా శంషాబాదు చేరడానికే నాలుగైదు గంటలు పడుతుంది. విమానానికి మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. 2008 మార్చిలో ఆ విమానాశ్రయం తెరువకముందు బేగంపేట ఉండేది. అంతకు ముందు తరం వారెందరో రైలెక్కి బొంబాయి వెళ్లి, అక్కడ విమానం ఎక్కేవారు. మన జిల్లాకు గల్ఫు బాట పాతదే. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ మూతపడ్డాక చెరకును నమ్ముకున్న ఇళ్లకు ఇక్కడి ఆధారం ఇంకా తగ్గింది.

అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక. ఆ తల్లి ఈ లెక్క త్వరగానే నేర్చుకున్నది. రాత్రి తొమ్మిదిన్నర కాగానే, "మావానికి ఎనిమిదైంది, డ్యూటీ దిగిండు" అంటూ ఫోను ఒడిలో పెట్టుకొని కూర్చునేది.

రెండేళ్లకు ఆమె భర్త ఒక తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించాడు. మేము వెళ్లేసరికి ఆమె మమ్మల్నే అడిగింది: "అయ్యగారూ, నాలుగు గంటలే అన్నరు గదా. పొద్దుగూకేవరకు రాడా?"

మా నోట మాట రాలేదు. అతని పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది. సెలవు మంజూరు కావాలి, టికెట్టుకు డబ్బు సర్దుకోవాలి. మరునాటి సాయంత్రం వరకు చూసి, భూస్థాపన జరిపించాము. అతడు మూడవ రోజు వచ్చి, ఆరని మట్టి మీద చేయి వేసి కూర్చున్నాడు.

ప్రియులారా, మేము ఆమెకు విమానం లెక్క చెప్పాము గాని మనిషి లెక్క చెప్పలేదు. పనివాని పాస్‌పోర్టును యజమాని తన దగ్గర అట్టిపెట్టుకోవడం ఆ దేశంలో చట్టవిరుద్ధమని మాకు తరువాత తెలిసింది. ఇప్పుడు ఏ బిడ్డ ప్రయాణమైనా ముందుగా అడుగుతున్నాము: కష్టం వస్తే సెలవు ఎన్నాళ్లకు ఇస్తారు? పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంట్లో ఉంచావా? యజమాని ఫోను నంబరు, దుబాయిలోని భారత కాన్సులేటు నంబరు అమ్మ దగ్గర ఉన్నాయా? రానుపోను టికెట్టు డబ్బు అప్పు కట్టే డబ్బులో కలపకుండా విడిగా దాచగలవా?

ఆ కుమారుడు నెల తిరగకుండానే మళ్లీ వెళ్లాడు. బయలుదేరే ముందు నకళ్లన్నీ తల్లి పెట్టెలో పెట్టాడు. ఈసారి దూరమెంతని ఆమె మమ్మల్ని అడుగలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు మాత్రం ఇప్పటికీ ఫోను ఒడిలో పెట్టుకొని కూర్చుంటుంది.