కుండలోని నీరు

నేనొక గ్రామ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా నున్న దినములలో జరిగిన సంగతి యిది. విజ్ఞానశాస్త్ర బోధకుడు సెలవులో నుండుటచే ఒకనాడు ఎనిమిదవ తరగతికి నేనే వెళ్లి, కుండెడు నీటిలో ధర్మామీటరు నుంచి వేడిమిని కొలువుడని విద్యార్థులతో చెప్పితిని. అందఱును ఒకే అంకె వ్రాసిరి. ఒక బాలుడు మాత్రము లేచి, "మాస్టారూ! అడుగున అర డిగ్రీ తక్కువగా ఉన్నదండీ" అనెను.

"కుండ యొకటే, నీరొకటే. వేడిమి వేఱగునా? దిద్దుకొనుము" అని గద్దించితిని. బాలుడు తలవంచుకొని అంకె చెఱిపివేసెను.

పదవీ విరమణానంతరము గ్రంథాలయమున విశ్వము పుట్టుకను గూర్చిన పుస్తకము చదువుచుండగా ఆ బాలుడు నాకు జ్ఞప్తికి వచ్చెను.

1964వ సంవత్సరమున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున పెంజియాస్, విల్సన్ అను శాస్త్రజ్ఞులు కొమ్ముబూర వంటి పెద్ద ఆంటెన్నాతో ఆకాశమును పరిశీలించుచుండిరి. దానిని ఏ దిక్కునకు త్రిప్పినను రేడియోలోని రొద వంటి దొకటి సమానముగా తోచుచుండెను. అది యంత్రదోషమేమో యని శంకించి, అందు గూడుకట్టిన పావురములను వెడలగొట్టి, వాని రెట్టలను సైతము తుడిచివేసిరి. రొద మానలేదు. అది విశ్వము పుట్టిన సుమారు 3,80,000 సంవత్సరములకు వెలువడిన వెలుగు. 1380 కోట్ల సంవత్సరములు పయనించి, సున్నకు దిగువ 270 డిగ్రీల వఱకు చల్లారి, సూక్ష్మతరంగములై మనలను చేరుచున్నది.

ఆ వెలుగు అంతటను సమానమే యైనచో నక్షత్రము లెట్లు పుట్టినవి? దీనిని తేల్చుటకై 1989లో కోబీ యను ఉపగ్రహమును పంపిరి. అందలి యంత్రము త్రాసు వంటిది. రెండు కొమ్ములతో రెండు దిక్కులను జూచి, వాని వేడిమిలోని తారతమ్యమునే కొలిచెడిది. సూర్యుడు మనలను వెంటబెట్టుకొని పరుగిడుచుండుటచే, మనము పోవు దిక్కు రమారమి వేయింట నొకవంతు వేడిగా తోచును. ఆ భేదమును, పాలపుంత వెలుగును తీసివేయగా, 1992లో తేలిన శేషము లక్షలో నొకవంతు! ఈ ఉపగ్రహ పరిశోధనలకు మాథర్, స్మూట్ అనువారు 2006లో నోబెల్ బహుమానము నందిరి.

ఆ లక్షలో నొకవంతు భేదమే సృష్టికి బీజము. పదార్థము ఇసుమంత చిక్కగా నున్న తావులకు మఱింత పదార్థము ఆకర్షింపబడి, నక్షత్రములును, తుదకు ఈ భూమియు, మనమును ఏర్పడితిమి. అంతటి భేదమును వారు కనుగొనిరి. నేనో, కుండలోనికి వంగియైన జూడక బాలుని అంకెను చెఱిపించితిని.

బాలలారా! మీ కొలతలో భేదము కనబడినచో ముందుగా మీ పరికరమును శంకింపుడు. మఱల కొలువుడు. అప్పటికిని భేదము నిలిచినచో, నావంటి ఉపాధ్యాయుడు గద్దించినను, దానిని చెఱుపకుడు.