ఒక పందెమునకు ముందు రెండు విద్యాలయములు

2025వ సంవత్సరపు సంక్రాంతిని మేము మా యింట జరుపుకొనలేదు. మా చెల్లెలికి రెండవ పురుడు వచ్చుటచే, డిసెంబరు కడపట అమెరికా దేశమందలి ఒహాయో రాష్ట్రమునకు ముఖ్యపట్టణమగు కొలంబస్‌నకు పోయితిమి. మా వారు ఉపాధ్యాయులు. పండుగ సెలవులకు ముందువెనుకల మఱికొన్ని దినములు కలుపుకొని వెంట వచ్చిరి. బాలింతకు పథ్యము వండిపెట్టుటయు, పసికందునకు నూనె యంటి నీళ్లు పోయుటయు మా పని. కాని ఆ యూర ఆ దినములలో ఎవరి నోట విన్నను ఫుట్‌బాల్ మాటయే.

ఇది మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. కోలగా నుండు బంతిని చంక నిడుకొని పరుగెత్తుదురు. ఎదిరిపక్షమువారు పట్టి నేల పడవైతురు. పక్షమునకు పదునొకండుగురు. నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగవలయును. సాగనిచో బంతి ఎదిరివారిది. కొసగీత దాటించినచో ఆఱు పాయింట్లు. దానినే టచ్‌డౌన్ అందురు. మా చెల్లెలి పెద్దకొడుకు, పదునొకండేండ్లవాడు, మూడు దినములు కూర్చుండబెట్టి మాకు దీనిని బోధించెను. చెడుగుడును, కుస్తీని, చదరంగమును ఒక్క రోట వేసి దంచినట్లున్నదని మేమనగా వాడు చిన్నబుచ్చుకొనెను.

ఆ దేశమున విద్యాలయముల జట్లలో మేటి యెవరో తేల్చుటకు 2023 వఱకు నాలుగు జట్లనే తుదిపోరునకు పిలుచువారు. ఒక్క ఓటమి తగిలిన జట్టు బెదరుచుండెడిది. రెండు తగిలినచో ఆశ వదలుకొనెడిది. 2024లో ఆ సంఖ్యను పండ్రెండు చేసిరి. ఆ మార్పు చేసిన తొలియేటనే, కడపటి పందెమునకు మిగిలిన రెండు జట్లును ఓటమి యెఱిగినవే. ఒకటి ఆ యూరిదే యగు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయము. రెండవది పొరుగున నున్న ఇండియానా రాష్ట్రమున సౌత్ బెండ్ నందలి నోటర్ డేమ్. జనవరి 20వ తేదీ రాత్రి అట్లాంటాలో వీరు తలపడవలసియుండెను.

కొలంబస్ ఆటస్థలమును మేము వెలుపలినుండి చూచితిమి. ఓలెంటాంజీ యను చిన్న నది యొడ్డున, గుఱ్ఱపు లాడము వలె వంగిన గొప్ప కట్టడము. 1922లో తెఱచిరి. లక్షకు పైగా జనులు కూర్చుండవచ్చును. మా తాలూకా అంతయు తరలివచ్చినను చోటు మిగులు ననిపించెను. ప్రక్కనే బక్‌ఐ చెట్ల తోపు కలదు. దేశమంతట మేటియని పేరొందిన ప్రతి ఆటగానికి ఒక చెట్టు నాటుదురట. బక్‌ఐ అనగా జింకకన్ను. ఆ గింజ నున్నగా, గోధుమవర్ణమున, నడుమ తెల్లని మచ్చతో నుండును. జేబున నుంచుకొన్న అదృష్టమందురు, తిన్న విషము. విశ్వవిద్యాలయము 1870లో పుట్టినది. 1879లోనే అచ్చట ఒక స్త్రీ పట్టము పుచ్చుకొనెనని తెలిసి మేము ఆ చలిలోను కొంచెము సేపు నిలిచితిమి.

ఇంత ఘనమైన చోట, నవంబరు 30వ తేదీన, ఒహాయో జట్టు మిషిగన్ జట్టు చేతిలో 13–10గా ఓడెను. మిషిగన్ వారితో వైరము తరతరములది. అంతకుముందే అయిదు పర్యాయములు ఓడివచ్చిన ఆ జట్టు చేతిలో, తమ యింటనే, అదియు వరుసగా నాలుగవసారి! కోచ్ రయాన్ డే అప్పటికి నడపిన 76 ఆటలలో 66 గెలిచినవాడు. నూటికి ఎనుబదియాఱు తెచ్చిన పిల్లవానిని మనము అటుకపై నిలువబెట్టి పొగడుదుము. ఇచ్చటివారు ఆయనను తఱిమివేయుమని గోల చేసిరి. పొరుగింటి వృద్ధురాలు బాలింతను చూడవచ్చి, గిన్నెలో పులుసు పెట్టి యిచ్చి, ఆ యోటమి మాట యెత్తి, చావు పలుకరించినట్లు కన్నుల నీరు దెచ్చుకొనెను. మా చెల్లెలు నవ్వు నాపుకొనలేక బిడ్డవంక తిరిగెను.

అటుపిమ్మట అదే జట్టు టెనెసీని 42–17, ఆరిగన్‌ను 41–21 గెలిచెను. జనవరి 10వ తేదీ రాత్రి టెక్సస్‌తో ఆడిన ఆట మేమును టెలివిజనులో చూచితిమి. ఆట ముగియవచ్చు వేళ టెక్సస్ వారు గీతకు అల్లంత దూరమున నుండగా, జాక్ సాయర్ అను ఒహాయో యువకుడు బంతిని నెట్టి విడిపించి, తానే పట్టి, 83 గజములు పరుగెత్తెను. 28–14. ఇంట కేకలకు పసిబిడ్డ లేచి యేడ్చెను. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

మఱునాడు శనివారము. శత్రువుల కోట చూడవలె నని పిల్లవాడు పట్టుబట్టెను. చెల్లెలికి తోడుగా వారి స్నేహితురాలొకతె వచ్చి యుండుటచే, మఱిది కారు తీసెను. నాలుగున్నర గంటల ప్రయాణము. బల్లపరుపు నేల, కోసివేసిన మొక్కజొన్న చేల మొదళ్లు మంచులో కనబడుచుండెను. నోటర్ డేమ్ దూరమునుండియే బంగారు గుమ్మటముతో కనబడును. దానిపై మేరీమాత ప్రతిమ. 1842లో ఎడ్వర్డ్ సోరిన్ అను ఫ్రెంచి గురువు స్థాపించిన విద్యాలయ మిది. 1879 ఏప్రిలులో ఆ ముఖ్యభవనము కాలి బూడిదయ్యెను. వృద్ధుడగు సోరిన్, తాను చిన్నదిగా కట్టుటచేతనే కాలినదని, ఇంకను పెద్దది కట్టుదమని తలపెట్టెను. ఆ యేటి శరత్కాలమునకు పిల్లలు క్రొత్త కట్టడమున చదువుచుండిరి. ఇంతటి పట్టుదల గలవారు ఆడుపిల్లలను మాత్రము 1972 వఱకు తలుపు వెలుపలనే నిలిపిరి! ఈ విషయమున ఒహాయో వారిదే గెలుపు.

గుడివెనుక రాతిగుహ యొకటి కలదు. 1896లో కట్టినది, ఫ్రాన్సు దేశపు లూర్డ్ గుహకు ప్రతిరూపము. అందు వందల దీపములు వరుసలుగా వెలుగుచుండెను. మంచు నడుమ ఆ వేడిమి ముఖమునకు సోకగా మాకు కార్తికమాసపు గోదావరి రేవు జ్ఞప్తికి వచ్చెను. పరీక్షలకు ముందు విద్యార్థులును, ఆటలకు ముందు అభిమానులును ఇచ్చట దీపము పెట్టుదురట. దీపము పెట్టు విషయమున లోకమంతయు ఒక్కటే.

ఆటస్థలమునకు ఎదుటి గ్రంథాలయము గోడపై చేతులెత్తిన క్రీస్తు చిత్రము పెద్దది కలదు. టచ్‌డౌన్ అయినప్పుడు తీర్పరి చేతులెత్తినట్లే యుండును గనుక దానిని ఆ పేరుననే పిలుచుకొందురు. ఆ చిత్రము నీడననే సెప్టెంబరు 7వ తేదీన నోటర్ డేమ్ తలవంచెను. నార్తర్న్ ఇల్లినాయ్ అను చిన్న జట్టును పదునాలుగు లక్షల డాలర్లిచ్చి ఆటకు పిలిచి, ఆ యతిథి చేతనే 16–14గా ఓడిపోయెను. నాటి సిగ్గు అంతయింత కాదు.

"మఱి ఆ కోచ్ ఏమి చేసెను?" అని మా వారు పిల్లవాని నడిగిరి.

"ఏమి చేయును, పెదనాన్నగారూ? వారము తిరుగగనే పర్డ్యూ మీద 66–7 కొట్టించినాడు. అటుపిమ్మట ఓడనేలేదు."

మా వారు మఱి మాటాడలేదు. తిరుగుదారిలోను కిటికీ వంకనే చూచుచుండిరి. కారణము మాకు తెలియును. మా యూర కిరాణా అంగడివాని కొడుకు 2024లో పదవతరగతి లెక్కలలో తప్పెను. తండ్రి వచ్చి యడుగగా, "వీనికి లెక్కలు రావు" అని మా వారు వానియెదుటనే యనిరి. మఱునాటినుండి ఆ పిల్లవాడు అంగడిలో పప్పులు తూచుచున్నాడు. మేము సరకులకు పోయినప్పుడు తలయెత్తడు.

ఇక జట్ల బలాబలములు. ఒహాయో వారి వంటిల్లు నిండుకొన్నది. క్వార్టర్‌బ్యాక్, అనగా బంతిని నడపు నాయకుడు, విల్ హౌవర్డ్ కాన్సస్ స్టేట్ నుండి వచ్చినవాడు. పరుగుగాడు జడ్కిన్స్ మిసిసిపీ నుండి, వెనుకకాపు డౌన్స్ అలబామా నుండి వచ్చినవారు. 2021 నుండి ఆటగాండ్రు తమ పేరు నమ్ముకొని సొమ్ము పుచ్చుకొనవచ్చును గదా. ఈ జట్టునకు రెండు కోట్ల డాలర్ల దాక వ్యయమయ్యెనని పత్రికలు వ్రాసినవి. చదువుకొను పిల్లలకు ఇంత వెల కట్టుట మాకు రుచింపలేదు. అయినను, లక్షమంది టిక్కెట్టు కొని చూచు నాటలో ఎముకలు విఱుగగొట్టుకొనువారికి ఏమియు దక్కని నాటి పద్ధతి యంతకంటె మేలైనదని యెట్లందుము? వీరందఱిలోను మా కన్నులను కట్టివేసినవాడు మొదటి యేడు చదువుచున్న జెరమయా స్మిత్. ఎగిరి బంతి నందుకొనునప్పుడు కొమ్మమీది కాయ కోసినట్లే యుండును.

నోటర్ డేమ్ వారిది పొదుపరి యిల్లాలి సంసారము. ఎదిరివారు జాఱవిడిచిన బంతి నేల బడనీయరు. దెబ్బలు తగిలి ముఖ్యులు పలువురు మంచము పట్టినను ఉన్నవారితోనే సరిపెట్టుకొనిరి. జార్జియాను 23–10 గెలిచిరి. పెన్ స్టేట్‌తో సరిసమానముగ నుండగా, ఏడు సెకనులు మిగిలియున్నప్పుడు బంతి తన్ని 27–24 చేసిరి. నాయకుడు రైలీ లెనార్డ్ సందు దొరకిన తానే దూరిపోవును. వారి కోచ్ మార్కస్ ఫ్రీమన్ ఒహాయో స్టేట్‌లోనే చదివి యాడినవాడు. తల్లి కొరియా దేశస్థురాలు. నల్లవారిలోగాని ఆసియా సంతతిలోగాని కోచ్‌గా ఈ కడపటి పందెమునకు వచ్చిన మొదటివా డాయనయే. తాను విద్య నేర్చిన యింటిమీదికే విల్లెత్తి పోవుట అర్జునునికి తప్పలేదు, ఈయనకును తప్పలేదు. మా మనసు రహస్యముగా ఆ వైపునకే మొగ్గెను. ఒహాయో ఉప్పు తినుచు ఆ మాట పిల్లవానితో ననలేదు.

20వ తేదీ సోమవారము. మార్టిన్ లూథర్ కింగ్ పేర దేశమంతట సెలవు. ఆట మొదలుకాగానే నోటర్ డేమ్ వారు పదునెనిమిది యెత్తులతో, పది నిముషముల కొంచెము తక్కువగా బంతిని చేతనే యుంచుకొని, అంగుళ మంగుళముగ సాగి తొలి టచ్‌డౌన్ చేసిరి. మేము లోలోపల సంతోషించితిమి. తరువాత ఒహాయో వారు వరుసగా ముప్పదియొక పాయింట్లు చేసిరి! నోటర్ డేమ్ అప్పుడును చేతులు దించలేదు. 31–23 దాక వచ్చెను. చివరకు మూడవ ప్రయత్నమున పదునొకండు గజములు కావలసియుండగా, హౌవర్డ్ బంతిని ఆకాశమున కెత్తి విసరెను. స్మిత్ దానిని పట్టి 56 గజములు గడచెను. 34–23. మిషిగన్ చేతిలో ఓడిననాడు తఱిమివేయు మన్నవారే రయాన్ డేను భుజములకెత్తుకొన్నంత పని చేసిరి. పొరుగింటి వృద్ధురాలు అర్ధరాత్రి తలుపు తట్టి మా చేతులు పట్టుకొని గంతులు వేసెను.

మేము ఫిబ్రవరికి ముందే యింటికి చేరితిమి. పెట్టెలు విప్పకమునుపే మా వారు కిరాణా అంగడికి పోయిరి. ఏమి చెప్పిరో మేమడుగలేదు. "పగలు పంపుట కుదురదు, మాస్టారూ" అని తండ్రి యనెనట. అంగడి కట్టిన పిమ్మట, రాత్రి యెనిమిదిన్నరకు, ఆ పిల్లవాడు పుస్తకము పట్టుకొని మా వసారాలోనికి వచ్చుట మొదలుపెట్టెను. వడ్డీలెక్కలు అంగడివాని బిడ్డ గనుక చప్పున పట్టుకొనెను. బీజగణితము మాత్రము మా వారిని చాల నాళ్లు ఏడిపించినది.